సెరామిక్ కత్తి: మన వంటింట్లో దాని చోటు ఎంత?

సెరామిక్ కత్తి గురించి రెండు మాటలు గట్టిగా వినిపిస్తాయి. ఏళ్ల తరబడి సాన పట్టకపోయినా టమాటా తొక్కను తాకీ తాకగానే కోస్తుందన్నది ఒకటి. కొన్న నెల తిరగకముందే అంచు పెచ్చులూడిందన్నది రెండోది. రెండూ నిజమే. ఒకే వస్తువు గురించి ఇంత ఎదురెదురు మాటలు నిలబడుతున్నాయంటే, మాట్లాడేవాళ్లు వేర్వేరు పనులను, వేర్వేరు వంటిళ్లను మనసులో పెట్టుకున్నారని అర్థం.

ఈ కత్తి పుట్టింది జపానులో. దాని మీద వచ్చిన మంచిచెడ్డల చర్చలో ఎక్కువ భాగం రొట్టె, ఎముక తీసిన మాంసం, ఆకుకూరల సలాడ్లు కోసే వంటిళ్లను దృష్టిలో పెట్టుకుని సాగింది. ఉద్దానం పనసకాయ, ఆవకాయ ముక్క, టెంకాయ, ముళ్లున్న చేప రోజూ కత్తి కిందికి వచ్చే శ్రీకాకుళం, విజయనగరం వంటిళ్లకు ఆ తీర్పులు ఉన్నవి ఉన్నట్టు సరిపోవు. అందుకే ఈ కత్తి చరిత్ర, దాని వెనకున్న పదార్థ శాస్త్రం, దాని చుట్టూ అల్లుకున్న ప్రధాన వాదాలు, ఇంకా తేలని ప్రశ్నలు ఒకచోట పెట్టి చూడాలి.

## కొలిమి నుంచి స్టీలు దాకా

మన ఇళ్లలో కూరగాయల కోత చాలాకాలం కత్తిపీట మీదే సాగింది. చెక్క పీటకు నిలువుగా బిగించిన వంపు బ్లేడు, కొన్నిటికి కొసన కొబ్బరి కోరే పళ్లు. సరిహద్దు దాటితే ఒడిశాలో దీన్ని పనికి అంటారు, బెంగాల్‌లో బొటి అంటారు. నేల మీద కూర్చుని, పీటను కాలితో తొక్కిపట్టి, రెండు చేతులతో కాయను అంచు మీదికి నెట్టడం దీని పద్ధతి. ఇక్కడ బ్లేడు కదలదు, కాయ కదులుతుంది. కమ్మరి కొలిమిలో సాగగొట్టిన ఇనుప బ్లేడుకు తుప్పు పడుతుంది, పచ్చి అరటికాయ కోస్తే నల్లబడుతుంది. కానీ రాతి మీద నాలుగు సార్లు రాస్తే మళ్లీ పదునెక్కుతుంది.

తర్వాత వచ్చింది స్టెయిన్‌లెస్ స్టీలు. 1913లో ఇంగ్లండులోని షెఫీల్డ్ పట్టణంలో హ్యారీ బ్రేర్లీ ఉక్కులో సుమారు 13 శాతం క్రోమియం కలిపి తుప్పుకు తట్టుకునే లోహాన్ని సాధించాడు. కొద్దికాలానికే అది కత్తులుగా మారింది. ఉక్కు తయారీలో మన ప్రాంతానికీ పాత సంబంధం ఉంది. ఉక్కును బలపరిచే మాంగనీసు ఖనిజాన్ని దేశంలో మొట్టమొదట తవ్వింది 19వ శతాబ్దం చివరి దశకంలో, విజయనగరం పరిసరాల్లోనే. గర్భాం, కోడూరు గనుల పేర్లు భూగర్భ శాస్త్ర గ్రంథాలకెక్కాయి. ఆ ఖనిజాన్ని ఆసరా చేసుకుని తర్వాత గరివిడిలో ఫెర్రో అల్లాయ్స్ కర్మాగారం వెలిసింది.

స్టీలుతో పాటే వంటింటి అమరికా మారింది. గ్యాస్ పొయ్యి గట్టు మీదికి ఎక్కింది, వంట నిలబడి చేసే పనయింది, కత్తిపీట పక్కకు జరిగి చేతికత్తి ముందుకొచ్చింది. సెరామిక్ కత్తి అడుగుపెట్టింది సరిగ్గా ఈ ఖాళీలోకి. దాని పోటీ కత్తిపీటతో కాదు, గట్టు మీదున్న చిన్న స్టీలు కత్తితో. చాలా చర్చల్లో ఈ సంగతి తప్పిపోతోంది.

## సముద్రపు ఇసుక నుంచి వచ్చిన బ్లేడు

సెరామిక్ అనగానే కప్పూ సాసరూ గుర్తుకు రావడం సహజం. కత్తికి వాడే సెరామిక్ పింగాణీ మట్టి కాదు. అది జిర్కోనియా, అంటే జిర్కోనియం డయాక్సైడ్. జిర్కాన్ అనే ఖనిజం దీనికి మూలం. సింహళం నుంచి వెళ్లిన జిర్కాన్ రాళ్లను పరీక్షించి, వాటిలో కొత్త మూలకం ఉందని 1789లో జర్మన్ రసాయన శాస్త్రవేత్త మార్టిన్ హైన్‌రిష్ క్లాప్రోత్ గుర్తించాడు.

ఈ జిర్కాన్ మనకు దూరపు వస్తువేమీ కాదు. భావనపాడు, కళింగపట్నం నుంచి భీమునిపట్నం దాకా మన తీరపు ఇసుకలో నల్లగా, ఎర్రగా మెరిసే బరువైన రేణువుల్లో ఇల్మెనైట్, గార్నెట్, సిలిమనైట్, రూటైల్, మోనజైట్‌లతో పాటు ఇదీ ఉంటుంది. ఇచ్ఛాపురం దాటితే వచ్చే గంజాం జిల్లాలో, ఛత్రపురం వద్ద ప్రభుత్వ రంగ సంస్థ ఐఆర్ఈఎల్ ఇలాంటి ఇసుక నుంచి ఖనిజాలను విడదీస్తోంది. హైదరాబాద్‌లో 1971లో ఏర్పడిన న్యూక్లియర్ ఫ్యూయల్ కాంప్లెక్స్ జిర్కోనియం మిశ్రలోహాలతో అణు రియాక్టర్లకు గొట్టాలు చేస్తోంది. ముడిసరుకూ, శాస్త్రజ్ఞానమూ తెలుగునాట ఉన్నాయి. బజారులో దొరికే సెరామిక్ కత్తుల్లో మాత్రం చైనా సరుకే ఎక్కువ.

శుద్ధమైన జిర్కోనియాతో కత్తి చేయడం కుదరదు. కొలిమిలో కాల్చి చల్లార్చేటప్పుడు దాని స్ఫటికాల రూపం మారి, పరిమాణం పెరిగి, ముక్క దానంతటదే పగిలిపోతుంది. ఇట్రియా వంటి ఆక్సైడ్‌ను కొద్దిగా కలిపితే ఆ మార్పు ఆగుతుంది. 1975లో ఆస్ట్రేలియా శాస్త్రవేత్తలు గార్వీ, హానింక్, పాస్కో 'నేచర్' పత్రికలో ఒక కీలకమైన విషయం వెల్లడించారు. ఇలా ఆపి ఉంచిన జిర్కోనియాలో పగులు మొదలైతే, పగులు కొస దగ్గరి స్ఫటికాలు అప్పుడు రూపం మార్చుకుని ఉబ్బుతాయి. ఆ ఉబ్బు పగులును నొక్కి ముందుకు పోనివ్వదు. ఈ గుణమే లేకపోతే సెరామిక్ కత్తి అన్నదే ఉండేది కాదు. కజువో ఇనమోరి 1959లో క్యోటోలో స్థాపించిన క్యోసెరా సంస్థ ఈ పదార్థాన్ని 1980ల మధ్యలో వంటింటి కత్తిగా మార్చి అమ్మకానికి పెట్టింది.

తయారీ పద్ధతి తెలిస్తే కత్తి స్వభావం తెలుస్తుంది. పిండిలా మెత్తని జిర్కోనియా పొడిని అచ్చులో పోసి పెద్ద ఒత్తిడితో నొక్కుతారు. సుమారు 1400 నుంచి 1500 డిగ్రీల సెల్సియస్ వేడిలో కాలుస్తారు. ఆ వేడికి ముక్క ప్రతి వైపూ దాదాపు ఐదో వంతు కుంచించుకుపోయి, సందులు పూడి గట్టిపడుతుంది. ఆ తర్వాత దాన్ని అరగదీయగలిగేది ఆచరణలో వజ్రపు పొడి అద్దిన చక్రం ఒక్కటే. అంచు పెట్టడానికే వజ్రం కావాల్సిన కత్తికి మళ్లీ పదును పెట్టడానికీ అదే కావాలి.

## గట్టిదనం వేరు, దెబ్బకు ఓర్చడం వేరు

చర్చ చిక్కుపడడానికి అసలు కారణం ఇక్కడుంది. బలం అని ఒక్క మాటలో చెప్పుకునేదాంట్లో రెండు వేర్వేరు గుణాలున్నాయి. ఒకటి కాఠిన్యం: గీతకూ, అరుగుదలకూ లొంగకపోవడం. రెండోది దృఢత్వం: దెబ్బ తగిలినా, వంగదీసినా పగలకుండా ఓర్చుకోవడం.

కాఠిన్యంలో సెరామిక్‌దే పైచేయి. టాల్క్ రాయికి 1, వజ్రానికి 10 ఇచ్చే మోస్ కొలతలో కత్తుల ఉక్కు 5.5 నుంచి 6.5 మధ్య ఉంటే, జిర్కోనియా 8 దాటుతుంది. మరింత కచ్చితమైన వికర్స్ కొలతలో మామూలు స్టీలు కత్తి 550 నుంచి 700 దాకా, జిర్కోనియా 1200 పైన ఉంటాయి. అంటే దాదాపు రెట్టింపు.

దృఢత్వంలో లెక్క తిరగబడుతుంది. పగులుకు తట్టుకునే శక్తిని కొలిచే పద్ధతిలో గాజుకు వచ్చే అంకె ఒకటి లోపే. అల్యూమినా అనే మరో సెరామిక్‌కు 3 లేదా 4, ఇట్రియా కలిపిన జిర్కోనియాకు 5 నుంచి 10. సెరామిక్‌లలో ఇది గొప్ప అంకె. కానీ కత్తులకు వాడే ఉక్కు దీన్ని ఎంతో దూరం దాటిపోతుంది. ఉక్కు అంచుకు గట్టి వస్తువు తగిలితే ముందు వంగుతుంది, మడత పడుతుంది. దాన్ని మళ్లీ సరిచేయవచ్చు. సెరామిక్ అంచు వంగదు, నేరుగా పెచ్చు ఊడుతుంది.

ఈ తేడాను పట్టుకుంటే వాదాలన్నీ ఎక్కడి నుంచి బయల్దేరుతున్నాయో తెలుస్తుంది. మెచ్చుకునేవాళ్లు మొదటి గుణాన్ని చూస్తున్నారు, వద్దనేవాళ్లు రెండోదాన్ని చూస్తున్నారు.

## మొదటి వాదం: పదును నిలవడమే ప్రధానం

ఇళ్లలో కత్తులకు సాన పట్టించడం తగ్గిపోయింది. సైకిలు తొక్కుతూ చక్రం తిప్పి వీధి వీధికీ వచ్చే సానవాళ్లు చాలా పట్టణాల్లో అరుదయ్యారు. ఇంట్లో సానరాయి ఉన్నా వాడే ఓపిక, నేర్పు తగ్గాయి. అందువల్ల మనవాళ్లు ఎక్కువకాలం మొద్దు కత్తితోనే వంట చేస్తున్నారు. మొద్దు కత్తిని బలంగా నొక్కాలి, నొక్కితే జారుతుంది, జారితే వేలు తెగుతుంది. సాన పట్టే అలవాటు లేని ఇంటికి, పదును చాలాకాలం తనంతట తానే నిలిచే కత్తి మేలని ఈ వాదం.

దీనికి కొలతల ఆధారముంది. షెఫీల్డ్‌లో 1952 నుంచి పనిచేస్తున్న కాట్రా అనే పరిశోధన సంస్థ కత్తుల పదునును యంత్రం మీద పరీక్షిస్తుంది. ఆ పద్ధతే ఐఎస్ఓ 8442-5 పేరుతో అంతర్జాతీయ ప్రమాణమైంది. ఇసుకలోని సిలికా కలిపిన కాగితపు దొంతరను కత్తి ముందుకూ వెనక్కూ కదులుతూ కోస్తుంది. మొదటి కోతల్లో ఎంత లోతు తెగింది, కోతలు పెరిగేకొద్దీ ఎంత నిలిచింది అన్నది లెక్కిస్తారు. సిలికా కాఠిన్యం 7. అది ఉక్కును అరగదీస్తుంది, జిర్కోనియాను అంతగా అరగదీయలేదు. అరుగుదల పరీక్షల్లో సెరామిక్ మెరుగ్గా నిలవడం సహజమే.

ఈ వాదానికి హద్దులూ ఉన్నాయి. ఆ యంత్రంలో కత్తి నిటారుగా, ఒకే దారిలో కదులుతుంది. పక్కనుంచి ఒత్తిడి, ముల్లు తగలడం, సింకులో గిన్నెకు కొట్టుకోవడం వంటివి అందులో ఉండవు. పైగా సెరామిక్ అంచు అసలు మొద్దుబారదన్నది అతిశయోక్తి. అది కంటికి ఆనని చిన్న పెచ్చులుగా రాలుతూ నెమ్మదిగా గరుకవుతుంది. మొదటి రోజు పదునులో కూడా, మంచి ఉక్కుకు నేర్పరి పెట్టిన అంచు సెరామిక్‌కు తీసిపోదు. సెరామిక్ గెలుపు మొదటి రోజుది కాదు, తర్వాతి నెలలది.

## రెండో వాదం: విరిగే కత్తిని నమ్మలేం

హోటళ్లలో, పెళ్లి వంటల్లో పనిచేసేవాళ్లు సాధారణంగా ఈ వైపు ఉంటారు. కత్తి అంటే కోతకు మాత్రమే కాదని వాళ్ల మాట. వెల్లుల్లిని బ్లేడు పక్కతో నలుపుతారు, తరిగిన ముక్కలను అదే బ్లేడుతో బోర్డు మీంచి గీకి గిన్నెలో వేస్తారు, గుమ్మడికాయలో దింపి మెలితిప్పి చీలుస్తారు. వీటిలో ఒక్కటి కూడా సెరామిక్‌కు సరిపడదు.

మన వంటింటి గట్టూ, నేలా ఈ వాదానికి బలమిస్తాయి. ఉత్తరాంధ్రలో చాలా గట్లు గ్రానైట్‌వే. టెక్కలి పరిసరాల నుంచి శ్రీకాకుళం బ్లూ పేరుతో వెళ్లే రాయికి విదేశాల్లోనూ గిరాకీ ఉంది. బోర్డు లేకుండా ఆ రాతి మీదే ఉల్లిపాయ తరిగే అలవాటు చాలా ఇళ్లలో ఉంది. స్టీలు కత్తిని ఈ అలవాటు మొద్దుబారుస్తుంది, సెరామిక్ కత్తి అంచును పెచ్చులూడదీస్తుంది. గచ్చు మీదో టైల్స్ మీదో చేయి జారి పడితే స్టీలు కత్తి మొన వంగవచ్చు. సెరామిక్ కత్తి రెండు ముక్కలయ్యే అవకాశముంది.

ఊడిన పెచ్చు కూరలో కలిస్తే ఏమిటన్నది ఇందులోనే ఇమిడిన భయం. జిర్కోనియాకు విషగుణం లేదు, దంతాలకు తొడుగులుగా నోట్లోనే పెడుతున్నారు. కానీ పదునైన ముక్క పదునైనదే. ఆహార కర్మాగారాల్లో లోహపు ముక్కలను పట్టే యంత్రాలు సెరామిక్ ముక్కను పట్టవు. జిర్కోనియా సాంద్రత ఎక్కువ కాబట్టి ఎక్స్‌రేలో మాత్రం కనిపిస్తుంది. అందుకే పెద్ద ఎత్తున ఆహారం వండేచోట ఈ కత్తిని దూరంగా ఉంచడం సబబు.

## మూడో వాదం: రంగు, రుచి, శుభ్రత

సెరామిక్ కత్తితో కోస్తే ముక్క నల్లబడదు, లోహపు వాసన రాదు, చింతపండూ నిమ్మకాయా దాన్ని ఏమీ చేయవు అన్నది మూడో వాదం. ఇందులో నిజమూ ఉంది, పొరపాటూ ఉంది.

వంకాయ, అరటికాయ, అరటిపువ్వు కోసిన తర్వాత నల్లబడడానికి ప్రధాన కారణం కాయలోని ఎంజైము. కోతతో కణాలు తెగి, గాలి తగిలి, ఆ ఎంజైము ఫినాల్ పదార్థాలను ముదురు రంగులోకి మారుస్తుంది. కత్తి ఏదైనా ఇది జరుగుతుంది. మనవాళ్లు కోసిన ముక్కలను మజ్జిగ నీళ్లలో వేయడం దీనికి సరైన మందు. ఆ పులుపు ఎంజైమును నెమ్మదింపజేస్తుంది. పదునైన అంచు తక్కువ కణాలను నలుపుతుంది కాబట్టి నలుపు కొంత ఆలస్యం కావచ్చు. ఆ మేలు పదునుది, సెరామిక్‌ది కాదు.

ఇనుప కత్తి దగ్గర మాత్రం రెండో చర్య తోడవుతుంది. మామిడి, అరటి, ఉసిరి వంటి వాటిలోని టానిన్లు ఇనుముతో కలిసి నల్లని పదార్థాన్నిస్తాయి. ముక్క మీద, బ్లేడు మీద, వేళ్ల మీద కనిపించే నలుపు అదే. కాబట్టి ఇనుముతో పోలిస్తే సెరామిక్‌కు స్పష్టమైన మేలుంది. స్టెయిన్‌లెస్‌తో పోలిస్తే తేడా బహు స్వల్పం.

శుభ్రత విషయంలో తీరం వెంబడి ఉన్న ఊళ్లకు ఇది కొంత పనికొచ్చే కత్తి. శ్రీకాకుళం జిల్లా తీరం దాదాపు 190 కిలోమీటర్లు. ఉప్పుగాలికి ఇనుప బ్లేడు రాత్రికి రాత్రే తుప్పెక్కుతుంది, చవక స్టీలు మీద కూడా చుక్కలు చుక్కలుగా మచ్చలు పడతాయి. జిర్కోనియాకు ఉప్పు వల్ల తుప్పు లేదు. వాసన పట్టదు, కడిగితే త్వరగా ఆరుతుంది. తెల్లని బ్లేడు మీద పసుపు, క్యారెట్ల రంగు అంటవచ్చు, స్టీలు పాత్రకు రాసుకుంటే బూడిదరంగు గీతలు పడవచ్చు. ఆ గీతలు బ్లేడు మీద పడ్డ గాట్లు కావు, అంటుకున్న లోహం.

## నాలుగో వాదం: బాగుచేసుకోలేని వస్తువు

ఈ వాదం కత్తి పనితనం గురించి కాదు, దాని జీవితం గురించి. ఇనుప కత్తిని కమ్మరి సాగదీస్తాడు, సానవాడు పదును పెడతాడు, పిడి ఊడితే వడ్రంగి కొత్తది వేస్తాడు. చివరికి పాత ఇనుము కొనేవాడు తూకానికి తీసుకుంటాడు, అది కరిగి మళ్లీ ఉక్కవుతుంది. పార్వతీపురం, సాలూరు వైపు వారపు సంతల్లో ఈ పనిముట్ల బేరం ఇప్పటికీ సాగుతోంది. సెరామిక్ కత్తి ఈ గొలుసులో ఎక్కడా ఇమడదు. మామూలు సానరాయికి అది లొంగదు, విరిగితే అతకదు, తూకానికి ఎవరూ తీసుకోరు.

తీరం వైపు నుంచి చూస్తే మరో ప్రశ్న వస్తుంది. ఇసుక ఖనిజాల తవ్వకం మత్స్యకారుల బతుకుకూ, తుపాన్లకు అడ్డు నిలిచే దిబ్బలకూ సంబంధించిన సంగతి. అదే ఇసుకలో థోరియం ఉన్న మోనజైట్ ఉండడంతో, 2019లో కేంద్ర ప్రభుత్వం ఈ తవ్వకాలను ప్రభుత్వ సంస్థలకే పరిమితం చేసింది. ప్రపంచంలో జిర్కాన్ వినియోగంలో అధికభాగం టైల్స్, శానిటరీ సామాను, కొలిమి ఇటుకల కోసమే. కత్తుల వాటా చాలా చిన్నది. కాబట్టి తీరానికి జరిగే నష్టాన్ని కత్తి మీద మోపడం న్యాయం కాదు. ఇనుప ఖనిజం తవ్వకాలూ పచ్చనివేం కావు. నాలుగో వాదంలో నిజంగా నిలబడేది మరమ్మతు ప్రశ్న. బాగుచేసే చేతులు ఊళ్లో ఉన్నంతకాలమే స్టీలు కత్తికి ఆ మేలు ఉంటుంది. ఆ చేతులకు పని ఇవ్వకుండా సెరామిక్‌ను తప్పుపట్టడం వల్ల ప్రయోజనం లేదు.

## ఉత్తరాంధ్ర వంటింట్లో పని వారీగా

ఉల్లిపాయ, టమాటా, దోసకాయ, బెండకాయ, బీన్స్, క్యారెట్, పచ్చిమిర్చి, ఆకుకూరలు, బొప్పాయి పండు, ఎముక లేని మాంసం: వీటికి సెరామిక్ కత్తి హాయిగా పనిచేస్తుంది. పలచని అంచు ఉల్లిపాయ పొరలను నలపకుండా కోస్తుంది. జిర్కోనియా సాంద్రత ఉక్కు కంటే తక్కువ, బ్లేడూ చిన్నదే కాబట్టి చేతికి తేలిగ్గా ఉంటుంది. కీళ్ల నొప్పులున్న పెద్దవాళ్లకు ఇది చెప్పుకోదగ్గ మేలు.

కంద, పెండలం, చామదుంప వంటివి మధ్యస్థం. నిటారుగా, మెల్లగా కోస్తే సరే, మధ్యలో ఇరుక్కున్నప్పుడు మెలితిప్పితే ప్రమాదం. సీతంపేట అనాసపండు కండకు పనికొస్తుంది, పైతొక్క చెక్కడానికి కాదు.

పనసకాయకు అసలు వాడకూడదు. ఉద్దానంలో నూనె రాసుకున్న పెద్ద కత్తితో దాన్ని చీల్చే పనిలో కోత కంటే నరకడం, విడదీయడం ఎక్కువ. ఆవకాయకు మామిడికాయను టెంకతో సహా కొట్టడం, కొబ్బరికాయ ఒలవడం, తాటికాయ చెక్కి ముంజెలు తీయడం మచ్చుకత్తి, కత్తిపీటల పని. చేప విషయంలోనూ అంతే. వంజరమైనా చందువైనా వెన్నుముల్లు మీదుగా ముక్కలు కొట్టాలి, పొలుసు గీకాలి, ఈ రెండూ సెరామిక్ అంచుకు గొడ్డలిపెట్లు. ఫ్రిజ్‌లో గడ్డకట్టిన మాంసం కూడా ఇదే కోవలోకి వస్తుంది.

చేతిలో కాయ పట్టుకుని బొటనవేలి వైపు కోసే అలవాటు మన ఇళ్లలో విస్తారం. మొద్దు స్టీలు కత్తి ఆ వేలిని క్షమించినంతగా సెరామిక్ కత్తి క్షమించదు. ఈ కత్తి కొంటే బోర్డు వాడకం కూడా నేర్చుకోక తప్పదు.

తొక్క తీసే పీలరు, పలచని చక్రాలు తరిగే స్లైసరు మాత్రం వేరే కథ. అందులో బ్లేడు చట్రంలో బిగిసి ఉంటుంది, పక్క ఒత్తిడి తక్కువ, నేలన పడినా దెబ్బ నేరుగా అంచుకు తగలదు. సెరామిక్ గుణాలన్నీ అక్కడ కలిసొస్తాయి, దోషాలు పెద్దగా బయటపడవు. అందుకే కత్తి వద్దనేవాళ్లు కూడా సెరామిక్ పీలరును తప్పుపట్టడం తక్కువ.

## తులనాత్మక సారాంశం

| అంశం | ఇనుప కత్తి, కత్తిపీట | స్టెయిన్‌లెస్ స్టీలు కత్తి | సెరామిక్ కత్తి |
|---|---|---|---|
| పదును నిలవడం | మధ్యస్థం | మధ్యస్థం | చాలా ఎక్కువకాలం |
| ఇంట్లో పదును పెట్టుకోవడం | చాలా తేలిక | తేలిక | కష్టం, వజ్రపు సాన కావాలి |
| దెబ్బకు ఓర్పు | చాలా ఎక్కువ | ఎక్కువ | తక్కువ |
| తుప్పు, ఉప్పుగాలి | త్వరగా తుప్పు | చాలావరకు తట్టుకుంటుంది | తుప్పు లేదు |
| కాయ నల్లబడడం | ఇనుము వల్ల పెరుగుతుంది | కాయ గుణం మేరకే | కాయ గుణం మేరకే |
| టెంక, ఎముక, పనస | పనికొస్తుంది | బరువైన కత్తి అయితే | పనికిరాదు |
| మెత్తని కూరగాయలు, పండ్లు | బాగుంటుంది | బాగుంటుంది | చాలా బాగుంటుంది |
| పాడైన తర్వాత | మరమ్మతు, పాత ఇనుము | మరమ్మతు, పాత ఇనుము | పారేయడమే |

## కొనేటప్పుడు, వాడేటప్పుడు

బజారులో అయోమయం కలిగించే సంగతి ఒకటుంది. సెరామిక్ పూత అని రాసి, రంగురంగుల బ్లేడ్లతో అమ్మే కత్తుల్లో చాలా వాటి లోపల ఉన్నది స్టీలే. పైన పూత మాత్రమే వేరు, అంచు దగ్గర కోసేది ఉక్కే. వాటిని కొని సెరామిక్ మంచిదనీ కాదనీ తేల్చడం సరికాదు. అసలు సెరామిక్ బ్లేడుకు అయస్కాంతం అంటదు. అంటుకుంటే అది స్టీలే. అంటకపోవడం ఒక్కదానితో మాత్రం నిర్ధారణ కాదు, కొన్ని రకాల స్టీలుకూ అయస్కాంతం అంటదు. బ్లేడు బరువు, వేలితో మీటితే వచ్చే శబ్దం కూడా చూడాలి.

వాడకంలో నియమాలు కొద్దివే. చెక్క బోర్డో ప్లాస్టిక్ బోర్డో వాడాలి, గ్రానైట్, గాజు, స్టీలు పళ్లెం మీద కోయకూడదు. కోసిన ముక్కలను కత్తి వీపుతో నెట్టాలి, అంచుతో గీకకూడదు. సింకులో మిగతా గిన్నెలతో పడేయకుండా విడిగా కడిగి తొడుగులో పెట్టాలి. పెచ్చు ఊడినట్టు కనిపిస్తే అప్పుడు వండుతున్న ముక్కలను పరిశీలించి, అవసరమైతే వదులుకోవాలి. విరిగిన బ్లేడును కాగితాల్లో చుట్టి, అట్టపెట్టెలో పెట్టి పారేయాలి. చెత్త ఎత్తే పారిశుద్ధ్య కార్మికుల చేతులను గుర్తుంచుకోవడం మన బాధ్యత.

## ఇంకా తేలని ప్రశ్నలు

మొదటిది, కాలంతో వచ్చే మార్పు. ఇట్రియా కలిపిన జిర్కోనియా తేమలో, సుమారు 65 డిగ్రీలకు పైన వేడిలో, ఉపరితలం నుంచి నెమ్మదిగా రూపం మార్చుకుని బలహీనపడుతుందని 1980ల తొలినాళ్ల నుంచి తెలుసు. 2001లో జిర్కోనియాతో చేసిన కొన్ని తుంటి కీలు గోళాలు రోగుల శరీరాల్లో విరగడం, వాటిని వెనక్కి తీసుకోవడం వైద్యరంగంలో పెద్ద చర్చకు దారితీసింది. కాల్చే పద్ధతిలో వచ్చిన మార్పు దానికి ప్రధాన కారణంగా తేలింది. వంటింటి కత్తి రోజులో కాసేపే నీళ్లు తాకుతుంది, మరిగే వేడిలో ఎక్కువసేపు ఉండదు. కాబట్టి పెద్ద భయం అక్కర్లేదని చెప్పవచ్చు. పదేళ్లూ ఇరవయ్యేళ్లూ వాడిన చవక కత్తుల సంగతి మాత్రం వేరు. పొడి నాణ్యత, కాల్చిన తీరు సంస్థకో రకంగా ఉన్నప్పుడు అన్నిటికీ ఒకే మాట చెప్పలేం.

రెండోది, భద్రత. పదును నిలిచే కత్తి గాయాలు తగ్గిస్తుందా, లోతైన గాయాలు పెంచుతుందా? రెండు వైపులా తర్కం ఉంది. సాన పట్టని స్టీలు కత్తినీ, సెరామిక్ కత్తినీ మామూలు ఇళ్లలో పక్కపక్కన పెట్టి చూస్తే తప్ప ఇది తేలదు. సాన పట్టిన స్టీలుతో పోల్చితే ఒక జవాబు, మొద్దు స్టీలుతో పోల్చితే మరో జవాబు వస్తాయి. చాలా వాదనల్లో ఏ స్టీలుతో పోలుస్తున్నారో చెప్పకపోవడమే లోపం.

మూడోది, పరీక్షా పద్ధతి. కాగితపు దొంతరను కోసే యంత్రం మన కత్తి పనికి ఎంతవరకు అద్దం పడుతుంది? పీచున్న ములక్కాడ, జిగురున్న బెండకాయ, గింజలున్న వంకాయ, మధ్యలో తగిలే గట్టి బోర్డు, వీటన్నిటినీ కలిపిన పరీక్ష ఒకటి మన వంటకు తగినట్టు రూపొందాలి. పదార్థ శాస్త్రం బోధించే విద్యాసంస్థలు హైదరాబాద్‌లో, విశాఖపట్నంలో ఉన్నాయి. ఇది వాటికి తగిన పని.

నాలుగోది, ముడిసరుకు ఇక్కడే ఉన్నప్పుడు కత్తులూ ఇక్కడే తయారు కావాలా అన్నది. ఇసుక ఖనిజాన్ని కత్తికి పనికొచ్చే నాణ్యమైన పొడిగా మార్చడం వేరే స్థాయి పరిశ్రమ. తీరంలో ఏది తవ్వాలో, ఎంత తవ్వాలో నిర్ణయించడానికి కత్తుల గిరాకీ కొలమానం కాజాలదు. ఆ నిర్ణయంలో తీరాన బతికేవాళ్ల మాటకు మొదటి చోటుండాలి.

## మొత్తం మీద

సెరామిక్ కత్తి మోసమూ కాదు, మహిమా కాదు. ఒక పరిమితమైన పనికి చక్కగా అమరిన పనిముట్టు. మెత్తనివి, ఎముక లేనివి, బోర్డు మీద నిటారుగా కోసేవి దాని రాజ్యం. ఆ రాజ్యం దాటగానే దాని గట్టిదనమే దానికి శత్రువవుతుంది. ఉత్తరాంధ్ర వంటింట్లో ఆ హద్దు రోజుకు ఒక్కసారైనా దాటాల్సి వస్తుంది కాబట్టి, ఇది ఇంటికి ఉన్న ఒకే ఒక్క కత్తి కాకూడదు. రెండో కత్తిగా, తెలిసి వాడితే, మంచి తోడు.

ఒక్క కత్తి కొనగలిగిన ఇంటికి ఇచ్చే సలహా వేరుగా ఉండాలి. ఆ ఇంటికి కావాల్సింది ఓ మాదిరి స్టీలు కత్తి, రెండు వైపులా గరుకు తేడా ఉన్న సానరాయి, దాన్ని వాడే నేర్పు. ఈ చర్చ ఇంతగా పెరగడానికి మూలం కొత్త పదార్థం రావడం కంటే పాత నేర్పు పోవడమే. వారానికోసారి రెండు నిమిషాలు రాతి మీద రాస్తే మామూలు స్టీలు కత్తి సెరామిక్‌తో దీటుగా ఉల్లిపాయ తరుగుతుంది, అవసరమైతే చేప ముల్లునూ తట్టుకుంటుంది. సానవాళ్లకు పట్టణ మార్కెట్లలో స్థిరమైన చోటు కల్పించడం, పాకశాస్త్ర కోర్సుల్లోనూ పాఠశాలల వృత్తివిద్యలోనూ పదును పెట్టడం నేర్పడం పెద్ద ఖర్చులేని పనులు. అవి జరిగిన ఊళ్లో సెరామిక్ కత్తిని అవసరానికి కాకుండా ఇష్టానికి కొనుక్కుంటారు. అలా కొన్న కత్తి తనకు తగిన పనిలోనే ఉంటుంది, ఎక్కువకాలం మన్నుతుంది.